తగలాల్సిన గాలి

మా ఆయన విఠల్‌కు ఒకటే బాధ ఉండేది. గురువుగారు చెప్పే బయలు ఆయనకు అంతుపట్టేది కాదు.

గురువుగారి పేరు భూమన్న. ఆదిలాబాద్‌లో మా వెనక వీధిలోనే ఉంటారు. వృత్తికి దర్జీ. ఇంటి వసారాలో మిషను పెట్టుకుని చొక్కాలు, లంగాలు కుడతారు. ఆయనది అచల మార్గం. అందులో గుడి లేదు, విగ్రహం లేదు. ఉన్నదంతా బయలే, అంటే ఏమీ లేని ఖాళీ చోటే అంటారు. ఆదివారం సాయంత్రం మిషను పక్కన చాప పరిస్తే అదే మాకు మఠం.

మా ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతారు. కొలిచి చూస్తే తప్ప దేన్నీ నమ్మరు. చాప మీద కూర్చున్న ప్రతిసారీ అదే అడిగేవారు.

"బయలు ఎట్లుంటది గురువుగారూ? ఎంత ఉంటది?"

గురువుగారు తల ఎత్తేవారు కాదు. మిషను ఆగేది కాదు. ఒకసారి మాత్రం దారం తెంపుతూ అన్నారు.

"ఎంత అని అడిగేది దర్జీ పని విఠలూ. నీదెప్పుడైంది?"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఆయనకు ఆరోగ్యం మీద ధ్యాస పెరిగింది. పొద్దున లేస్తూనే ఫోనులో కొత్త పరిశోధనలు చదవడం, గురుబంధువుల గ్రూపులో పెట్టడం. తిన్నాక కాసేపు నడవండి. ఎక్కువసేపు కూర్చోకండి. ఉప్పు తగ్గించండి. చెడ్డ మాటలేం కావు. తిన్నాక నడిచే ఆయన షుగరు తగ్గించుకున్నారు. వెంట నడిచి నేనూ బాగుపడ్డాను. కాకపోతే, నిద్ర తక్కువైతే గుండెకు చేటని చదివిన రోజు ఆయనకు నిద్ర పట్టలేదు.

మా అత్తకు ఈ ఫోను వైద్యం గిట్టేది కాదు. "మొన్న గుడ్డు వద్దంటివి, ఇయ్యాల తినుమంటివి. కోడి నిన్ను అడిగి పెట్టాల్నా గుడ్డు?" అనేది.

ఆదివారం గురువుగారికి కూడా ఫోను తీసి చదివి వినిపించేవారు మా ఆయన. గురువుగారు ఓపిగ్గా వినేవారు. ఒకనాడు అంతా విని, "మంచిగున్నది. మరి మీ ఇంట్లోల్లకు ఎట్లుందో అడిగినవా?" అన్నారు.

ఇంట్లో అందరికీ రోజూ చెబుతూనే ఉన్నానని మా ఆయన జవాబు. గురువుగారు మళ్లీ సూది వైపు వంగారు.

మొన్నటి చలికాలంలో మా కూతురు రజిత పురిటికి వచ్చింది. తొలి కాన్పు. ఆడపిల్ల. చేతిలోకి తీసుకుంటే చిలుక పిల్లంత ఉంది.

మా దగ్గర చలి ఎముకలు కొరుకుతుంది. పైగా అది పత్తి కట్టె కాలబెట్టే కాలం. చేల మీంచి వచ్చే పొగ ఊరంతా కమ్ముకుని ఉంటుంది. బాలింత గది కిటికీ మూయమని అత్త మొదటి రోజే చెప్పింది. పసిదానికి గాలి సోకుతుందని ఆమె భయం. ఆ గాలి వేరు. దాని పేరు కూడా గట్టిగా అనదు.

ఇట్లాంటి మాటకు మా ఆయన ఎదురు చెప్పాలి. చెప్పలేదు. పొగలో కంటికి కనపడని ధూళి ఉంటుందని, అది పసివాళ్ల ఊపిరితిత్తుల లోతుకు పోతుందని ఆయన చదివారు. కిటికీ మూసి ఊరుకోక, మైదా ఉడికించి, సందులన్నిటికీ కాగితం అంటించారు. తలుపు కింద పాత బొంత మడిచి పెట్టారు. తల్లీ కొడుకుల మాట ఏనాడూ కలవదు. ఆ కిటికీ దగ్గర కలిసింది.

మరి వెచ్చదనం కావాలి కదా. బాలింత మంచం దగ్గర కుంపటి పెట్టడం మా అత్తల కాలం నుంచీ ఉన్నదే. కట్టెలైతే పొగ అని మా ఆయన బొగ్గులు తెప్పించారు. వాకిట్లో బాగా రాజేసి, ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవారు.

"చూడు, చుక్క పొగ లేదు," అని నాకు చూపించారు.

నేనూ చూశాను. లేదు.

ఒకనాడు పొద్దున చలి మరీ ఎక్కువ. నేను కూతురి పక్కనే కింద పడుకుని లేచాను. లేస్తూనే తల దిమ్ముగా ఉంది. వాకిట్లోకి పోయి కక్కుకున్నాను. చలి తగిలిందనుకున్నాను. అక్కడే రాయి మీద కూర్చుంటే తేలికపడ్డది. ఈలోగా మా ఆయన కుంపట్లో కొత్త బొగ్గులు వేసి గదిలో పెట్టారు. నేను లోపలికి పోయి రజితను లేపబోయాను. తల నొస్తుందమ్మా, పండుకుంటా అన్నది. బాలింతకు తలనొప్పి ఉండేదే అనుకున్నాను. నా తలా మళ్లీ పట్టుకుంది. తలుపు దగ్గరికి వేసి టీ పెట్టడానికి పోయాను.

అప్పుడు గురువుగారు వచ్చారు. పసిదానికి మెత్తటి పాత మల్లు గుడ్డతో చొక్కా కుట్టి తెచ్చారు. కొలత లేకుండా కుట్టారు. నా అరచేతికన్నా కొంచెం పెద్దది.

మా ఆయన ఎదురుపోయి కుర్చీ వేశారు. గది ఎట్లా సిద్ధం చేసిందీ సంతోషంగా చెప్పుకొచ్చారు. ధూళి రాదు, పొగ లేదు, వేడి తగ్గదు. గురువుగారు చొక్కా ఒళ్లో పెట్టుకుని వింటున్నారు. నేను టీ గ్లాసు ఇవ్వబోతూ తల తిరిగి గోడ పట్టుకున్నాను. గురువుగారి చూపు మా ఆయన మీంచి నా మీదికి వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

ఏం లేదు గురువుగారూ, పొద్దుటి నుంచి తలనొప్పి అన్నాను. వస్తూ పోతూ ఉందన్నాను.

"ఏడికి పోతే పోతున్నది?"

ఎవరూ అట్లా అడగరు. ఆలోచించి చెప్పాల్సి వచ్చింది.

"వాకిట్లకు పోతే పోతున్నది. గదిలకు వస్తే వస్తున్నది."

గురువుగారు గ్లాసు అందుకోలేదు. "పిల్ల ఎప్పుడు ఏడ్చింది?" అన్నారు.

బుద్ధిమంతురాలు గురువుగారూ, తెల్లారినప్పటి నుంచి కదలకుండా పడుకుంది అన్నారు మా ఆయన.

గురువుగారు లేచారు. ఆయనకు డెబ్భై దాటాయి. అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. తలుపు తోసి బొంతను కాలితో పక్కకు తన్నారు. "రజితా," అని పిలిచారు. రజిత కళ్లు సగం తెరిచింది. చెయ్యి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. ఆయన పసిదాన్ని తీసి నా చేతుల్లో పెట్టారు.

"బయటికి నడువు."

మా ఆయన గుమ్మానికి అడ్డం నిలబడి ఉన్నారు. పొద్దుటి చలి ఆయన వీపు వెనకాలే ఉంది.

"గురువుగారూ, పిల్లకు గాలి తగులుతది."

"తగలాలె."

అంతే అన్నారు. నేను మా ఆయన్ని తోసుకుని వాకిట్లోకి వచ్చాను. నా వెనకాల కాగితం చిరిగిన చప్పుడు, కిటికీ రెక్కలు గోడకు కొట్టుకున్న చప్పుడు. తరువాత ఇద్దరూ కలిసి రజితను మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టారు. గురువుగారు మళ్లీ లోపలికి పోయి కుంపటి పట్టుకొచ్చారు. మసిగుడ్డ కోసం వెతకలేదు. చేతిలో ఉన్న ఆ చిన్న చొక్కాతోనే పట్టుకుని తెచ్చి తులసి గద్దె అవతల దింపారు. అంచు కాలిన వాసన వచ్చింది.

పసిది నా చేతుల్లో వేలాడిపోయి ఉంది. పాదాలు రుద్దాను. పేరు పెట్టి పిలుద్దామంటే ఇంకా పేరు లేదు. మా అత్త గోడకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. మా ఆయన ఫోను చేస్తున్నారు. ఆ చలిగాలి పిల్ల ముఖం మీద కొడుతుంటే నేను కొంగు కప్పబోయాను. గురువుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

పిల్ల ముక్కు ముడుచుకుంది. నోరు తెరిచింది. ముందు చప్పుడు రాలేదు. తరువాత వచ్చింది.

ఆ ఏడుపు విని నేను నేల మీద కూర్చుండిపోయాను.

నూటెనిమిది బండి వచ్చింది. పెద్ద దవాఖానలో తల్లికీ పిల్లకూ ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ మంచిది. అరవకుండా చెప్పింది. మూసిన గదిలో బొగ్గులు కాలితే ఒక విషపు గాలి పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేనంత మాత్రాన అది లేనట్టు కాదు. మనిషికి తలనొప్పి వస్తుంది, వాంతి వస్తుంది, తరువాత నిద్ర వస్తుంది. ఆ నిద్రే ప్రమాదం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొస్తే, బయటికి పోతే తగ్గుతుంటే, కారణం తరువాత వెతుక్కోవచ్చు, ముందు అందరూ బయటికి రావాలన్నది. కుంపటి గదిలోకి తేనే వద్దన్నది.

"కిటికీ తెరిచిందెవరు?" అని అడిగింది.

మా గురువుగారు అన్నాను. ఆమె తల ఊపి, పిల్ల గుండె మీద చెయ్యి పెట్టి చూసి, పక్క మంచం దగ్గరికి పోయింది.

ఇద్దరూ బాగై ఇంటికి వచ్చారు. ఇంతకన్నా ఎట్లా రాయాలో నాకు తెలియదు. బాగై వచ్చారు.

మా ఆయన గ్రూపులో పెట్టడమే మానేశారు. సారు ఫోను పాడైందా అని అడిగారు కొందరు. ఆదివారం చాప మీద చివర కూర్చున్నారు. అందరూ లేచి పోయాక అడిగారు.

"ఇంత చదివిన నాకు తెల్వలేదు. మీకెట్ల తెలిసింది గురువుగారూ?"

"నాకేం తెల్వది. నీ భార్యను అడిగిన. ఆమె చెప్పింది."

మా ఆయన నా వైపు చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చూపు నేను చూడలేదు. తల దించుకుని, ఇక పరిశోధనల జోలికి పోనన్నారు.

గురువుగారు మిషను ఆపారు. "డాక్టరమ్మ చెప్పింది నీ కడుపుల పెట్టుకుంటే ఎవరికి పనికొస్తది? పెట్టు, పెట్టు," అన్నారు.

మా ఆయన అక్కడే కూర్చుని గ్రూపులో పెట్టారు. కుంపటి సంగతి, తలనొప్పి సంగతి, మా ఇంట్లో జరిగిన సంగతి. ఈసారి ఎవరి పరిశోధనో రాయలేదు. కింద తన పేరు రాశారు. ఆ సాయంత్రమే బేల ఊరి నుంచి ఒక గురుబంధువు ఫోను చేశారు. వాళ్ల కోడలు కూడా బాలింతే. కుంపటి తీసి వాకిట్లో పెట్టామని, కిటికీ తెరిచామని చెప్పారు. మా ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

పిల్లను ఆలస్యంగా తొట్టెలలో వేశాం. గురువుగారు వచ్చారు. పసిదానికి ఆ చొక్కానే తొడిగాను. కాలిన అంచు కత్తిరించి, గురువుగారే పచ్చటి గుడ్డ పట్టీ వేసి ఇచ్చారు. మా అత్త ఆయన కాళ్లకు దండం పెట్టి, "గాలి సోకుతదని మూసిన అయ్యా. గాలి లేకనే పోతుండె నా బిడ్డలు," అన్నది. గురువుగారు ఆమెను లేపి, పాయసంలో ఇంకొంచెం బెల్లం పడితే బాగుండేదన్నారు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

భోజనాలయ్యాయి. గురువుగారు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నారు. మా ఆయన దగ్గరికి పోయి నిలబడ్డారు. ఆ పాత ప్రశ్న నోటి దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది.

"గురువుగారూ, బయలు..."

గురువుగారు గది వైపు చూశారు. రజిత ఒళ్లో పిల్ల నిద్రపోతూ ఉంది. ఇద్దరి మీదా ఉన్ని దుప్పటి ఉంది. కిటికీ కర్ర మీద మైదా మరకలు ఇంకా పోలేదు.

"పండుకునేటప్పుడు కిటికీ తెరిచి పెడ్తున్నవా?"

"పెడ్తున్న."

"ఎంత?"

మా ఆయన బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించారు. "జానెడు."

గురువుగారు ఆ వేళ్లను చూశారు. ఆ వేళ్ల మధ్యను చూశారు.

"సాలు," అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

మా ఆయన గుమ్మంలోనే ఉండిపోయారు. జాన చాపిన చెయ్యి చాలాసేపు దించలేదు.