కాకి ముట్టని పిండం

పూర్వం, మనుషుల ఆయుష్షు వేల ఏళ్ళుగా ఉన్న కాలంలో, గౌతమీ నది ఉత్తరపు ఒడ్డున, నేరేడు చెట్ల నడుమ, తపోధనుడూ జితేంద్రియుడూ అయిన అర్చిష్మంత మహర్షి కట్టుకున్న ఆశ్రమంలో, ఆ మహర్షి పరమపదించిన చాలా ఏళ్ళకి, తారావళి అనే సాధ్వి, భర్తనీ కన్నకొడుకునీ కూడా సాగనంపి, కొడుకు కూతురైన విశోకతో కలిసి ఒంటరిగా కాలం గడుపుతూ ఉండేది. ఇద్దరుండగా ఒంటరితనమేమిటంటారా, చెబుతాను వినండి.

ఆ తారావళి మహర్షి కన్నబిడ్డ కాదు. పన్నెండేళ్ళు సాగిన సత్రయాగం ముగిసిన మర్నాడు, వచ్చినవాళ్ళంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, హోమభస్మం తెచ్చుకుందామని వెళ్ళిన మహర్షికి, చల్లారీ చల్లారని వేదిక ఇటుకల పక్కన, మోదుగాకుల మీద, గుప్పిళ్ళు మూసుకొని పడుకున్న పసిగుడ్డు కనిపించింది. ఆయన బ్రహ్మచారి. పిల్లలని ఎత్తుకోవడం కూడా రాదు. అయినా దూదితో ఆవుపాలు పట్టి పెంచాడు మహానుభావుడు. పిల్ల ఆయనని తాతగారూ అనే పిలిచింది. అమ్మా అని పిలవడానికి ఆ ఆశ్రమంలో ఎవరున్నారు, ఆవు తప్ప.

పిల్ల పెళ్ళీడుకొచ్చింది. గోత్రం చెప్పాలి కదా. యాగానికి వచ్చినవారి వంశాలు రాసి ఉంచే సూతుల దగ్గర తాళపత్రాలు తీయిస్తే, వాటిలో, "దీర్ఘశ్రవ మహర్షి, గర్భవతియగు భార్య వరాంగితో, యాగము ముగియకుండగనే త్వరితముగా వెడలెను" అని ఒక్క పంక్తి దొరికింది. మహర్షి ఆ పంక్తి చూసి, బిడ్డ వీళ్ళదేననీ, తిరిగి రాలేదు కనక ఇద్దరూ పోయే ఉంటారనీ తీర్మానించి, ఆ గోత్రంతోనే కన్యాదానం చేశాడు. అంతటి జ్ఞానికీ అక్కడే పొరపాటు జరిగింది.

తరవాత్తరవాత ఇంట్లో మగదిక్కు లేకుండా పోయాక, తారావళే ప్రతి అమావాస్యకీ నదిలో మునిగి, నువ్వులు నీళ్ళు వదిలి, పిండాలు పెట్టేది. భర్త పిండం కాకి తినేది. కొడుకుదీ తినేది. తాతగారిదైతే మొదటే వచ్చి తినేది. కన్నవారికని పెట్టిన రెండు పిండాల దగ్గరికి మాత్రం వచ్చి, తల వంకరగా పెట్టి చూసి, వెళ్ళిపోయేది. ఒకనాడు కాదు, ఒక ఏడు కాదు.

ఒక అమావాస్య నాడు, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ ముద్దల దగ్గరే కూర్చున్న అవ్వతో విశోక, "లే అవ్వా. దానికి ఆకలి లేదేమో" అంది.

"నా కొడుకు ముద్ద తిన్నదానికి ఆకలి లేకపోవడమేమిటే. నా పుట్టింటి ముద్దే దానికి చేదు" అని తారావళి కొంగుతో మొహం తుడుచుకొని, "విశోకా, నాకు రోజులు దగ్గరపడ్డాయి. మీ తాత పోతే పైలోకంలో ఎదురు రావడానికి వాళ్ళమ్మ ఉంది. మీ నాన్నకి మీ తాత ఉన్నాడు. వాళ్ళొస్తారు నాకూ, రారనను. కానీ ఆడదాన్ని, పుట్టింటివాళ్ళు ఒక్కరైనా గుమ్మంలో నిలబడి వచ్చావా అనరా? ఎవరి పిల్లనో తెలియకుండానే పోతానా?" అంది.

ఆ మాట విని, ధీరురాలైన విశోక నదికి మొక్కి బయలుదేరి, ఊళ్ళు దాటి, సూతులలో శ్రేష్ఠుడైన మంజుకంఠుడి ఇల్లు చేరి, ఆ పాత తాళపత్రం చూపించమని అడిగింది. ఆయన పొగపెట్టి దాచిన కట్ట విప్పి, పంక్తి పంక్తీ చదివి, "అమ్మా, ఆనాడు ఎవరూ తిప్పి చూడని వెనక పత్రంలో, వీళ్ళు హిమవత్పర్వతానికి వెళ్ళినట్టు రాసి ఉంది. పోయినట్టు మాత్రం ఎక్కడా లేదు. మా తాతలు ఎవరి పుట్టుకైనా మరిచిపోతారేమో గానీ చావు మరిచిపోరు. పన్నెండో రోజు భోజనానికి మాకు విస్తరి వేస్తారు కదా" అన్నాడు.

విశోక అక్కణ్ణించే ఉత్తరానికి దారి తీసింది. బతికున్నవాళ్ళకా ఇన్నాళ్ళూ నీళ్ళు వదిలింది?

మంచుకొండలెక్కి, దేవదారు వనాలు దాటి, ఒక గుహ ముందు ఎండలో కూర్చున్న వృద్ధ దంపతులకి సాష్టాంగపడి, తన కథంతా చెప్పుకుంది. అప్పుడు పతివ్రతాశిరోమణి అయిన వరాంగి బోసినోటితో నవ్వి, "అయితే మీ అవ్వేనటే మా ఒళ్ళో నువ్వులు పోసేది? అమావాస్య వస్తే చాలు, ఈయన గడ్డం నిండా నువ్వులే. దులపలేక నా చేతులు పడిపోతున్నాయి" అంది.

మహాతపస్వి అయిన దీర్ఘశ్రవుడు, "ఎవరో నా చావుకి తొందరపడుతున్నారనుకున్నాను" అని, జాలిగా, "అమ్మాయీ, ఈవిడ కడుపున పుట్టింది కొడుకు. ఈ కొండమీదే పుట్టి, తపస్సుకి వెళ్ళిపోయాడు. మీ అవ్వ మా పిల్ల కాదు" అన్నాడు.

వరాంగి కాసేపు కళ్ళు మూసుకొని, "కడుపుతో ఉన్నది నేనొక్కదాన్నే కాదు. వేదికకి ఇటుకలు వేసే ఆలుమగలు ఉండేవారు. ఆవిడకీ నెలలు నిండాయి. నాకు చింతచిగురు తెచ్చిపెట్టేది. వాళ్ళని పత్రంలో ఎవరు రాస్తారు తల్లీ, ఋషులు కారు కదా" అంది.

"ఆవిడ పేరేమిటి?"

"ఇటుకలావిడా అని పిలిచేవాళ్ళం" అని ఆ ముసలితల్లి తల దించుకుంది. "అడగలేదమ్మా. ఏడాదిపాటు ఆవిడ తెచ్చిన చిగురు తిన్నాను. పేరు అడగలేదు."

విశోక ఆ కొండ చరియలోనే ఒంటికాలిమీద నిలిచి, గాలినే ఆహారంగా తీసుకుంటూ, మూడు చాతుర్మాస్యాలు ఘోరతపస్సు చేయగా, దున్నపోతునెక్కి, దండధారి, సమవర్తి అయిన యమధర్మరాజు, సకలప్రాణుల కర్మలూ రాసే చిత్రగుప్తుడితో సహా ప్రత్యక్షమయ్యాడు.

"విశోకా, నీ కోరిక మాకు తెలుసు. చిత్రగుప్తా, చదువు."

చిత్రగుప్తుడు పత్రం తీసి చదివాడు. "ఆ పురుషుడు యాగం ముగిసిన నాడు, చివరి ఇటుకల మోపు దించుతూ, పాము కరిచి మరణించాడు. ఆ స్త్రీ మర్నాటి తెల్లవారుజామున ఒంటరిగా ప్రసవించి, ఇక బతకనని తెలిసి, బిడ్డకి చలి తగలకుండా తన భర్త చేసిన వెచ్చటి ఇటుకల పక్కన పడుకోబెట్టి, మహర్షి భస్మం కోసం వచ్చి ఎత్తుకునేదాకా పొద చాటున కూర్చొని, ఆయన ఎత్తుకున్నాక కన్నుమూసింది."

విశోక కన్నీళ్ళు ఆపుకొని, "వారి నామగోత్రాలు సెలవియ్యండి స్వామీ" అంది.

"నేను రాసేది చేసిన పనులమ్మా. పేర్లు లోకులు పిలిస్తే వింటాను. లోకులు వాళ్ళని ఇటుకలవాళ్ళన్నారు. మొగుడు పెళ్ళాన్ని ఏమే అన్నాడు, పెళ్ళాం మొగుణ్ణి ఏమయ్యా అంది. భర్త పేరు ఆడది నోటితో చెప్పదు కదా. ఆ పేర్లు పలికినవాళ్ళు లోకంలో లేరు" అన్నాడు చిత్రగుప్తుడు, చిన్నబోయి.

అప్పుడు ధర్మప్రభువు, "వరం కోరుకో" అన్నాడు.

"పేరు లేదని వాళ్ళు ఆకలితో ఉండకూడదు. అవ్వ ముద్ద వాళ్ళకి అందాలి" అంది విశోక.

"తథాస్తు. నేటినుంచి నామగోత్రాలు తెలియని కన్నవారికి, సర్వప్రాణులకూ మూలపురుషుడైన కశ్యప ప్రజాపతి గోత్రమే గోత్రం. బిడ్డ నోటి పిలుపే నామధేయం" అని పలికి యముడు అంతర్ధానమయ్యాడు.

విశోక తిరిగొచ్చేసరికి తారావళికి నడుము పూర్తిగా వంగిపోయింది. కథంతా వింది. పొద చాటున కూర్చుందన్న చోట మాత్రం మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పించుకుంది.

అమావాస్య వచ్చింది. రెండు ముద్దలు పెట్టింది. గోత్రం చెప్పింది. పేరు చోటికి వచ్చేసరికి ఆగిపోయింది. అంత ఆయుష్షులో ఎవరినీ పిలవని పిలుపది, అలవాటు లేదు మరి. విశోక వీపు నిమిరింది. తారావళి పెదవులు తడుపుకొని, "అమ్మా" అంది. కాసేపటికి, "నాన్నా" అంది.

కాకి వచ్చింది. ఈసారి తల వంకరగా పెట్టి చూడకుండా, రెండు ముద్దలూ తింది.

హిమవత్పర్వతం మీద దీర్ఘశ్రవుడి గడ్డంలో నువ్వులు పడటం ఆనాటితో ఆగిపోయింది. తమవారి పేరు తెలియనివాళ్ళు కశ్యపుడి గోత్రం చెప్పి, నోరారా పిలిచి నీళ్ళు వదిలితే, ఆ నీళ్ళు దారి తప్పవు. తారావళి పోయిననాడు గుమ్మంలో ఎవరు నిలబడ్డారన్నది చిత్రగుప్తుడు రాసుకోలేదు గానీ, అవ్వ మొహం చూసిన విశోకకి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.