కనబడని కాలు

కొండల వరుసకు ఆవల పుష్కలగిరి అనే రాజ్యం ఉండేదట. దాన్ని ఏలిన వజ్రసేన మహారాజుకు తన ఆస్థాన పండితులంటే మహా గర్వం. ఏ సంగతి అడిగినా వారందరూ ఒక్క మాటే చెప్పేవారు. ఇందరు ఒప్పుకున్న చోట పొరపాటుకు తావెక్కడిదని రాజు మీసం దువ్వుకునేవాడు.

ఆ కొలువుకు నాగాంబిక అనే చిత్రకారిణి వచ్చి, రాజుగారి పట్టపుటేనుగు బొమ్మ వేసింది. అది ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. అయితే ఏనుగు పక్కకు తిరిగి నిలబడి ఉండగా వేసినందువల్ల, వెనుక కాళ్ళలో ఒకటి రెండోదాని చాటున పడింది. కంటికి కనబడనిదాన్ని నాగాంబిక వేయలేదు.

ఆ రాజ్యంలో ఏ జంతువును చిత్రించినా కాళ్ళన్నీ దువ్వెన పళ్ళలా వరుసగా కనబడవలసిందే. ప్రధాన పండితుడు విరూపాక్ష సోమయాజులు బొమ్మను చూసి, ఈమె పట్టపుటేనుగును కుంటిదాన్ని చేసిందన్నాడు. తక్కిన పండితులు తలలూపారు. విజయదశమి కొలువులో విచారణ జరుగుతుందనీ, నేరం రుజువైతే ఆమె ఇక జన్మలో కుంచె పట్టరాదనీ రాజు ఆజ్ఞాపించాడు. అంతవరకు ఆమెను బొమ్మతో సహా చిత్రశాలలో ఉంచారు.

కొలువులో కొమ్మన అనే చతురుడు ఉండేవాడు. పండితుల నోరు మూయించే ఉపాయం అతనికి ఆ పూటే తట్టింది. కాని విజయదశమికి సామంతులందరూ వస్తారు. వారి ఎదుట చెబితేనే రక్తి కడుతుందని దాచుకున్నాడు.

పండుగనాడు కొలువు నిండాక కొమ్మన లేచి, పట్టపుటేనుగు కాలు ఒకటి పోయిందని ఫిర్యాదు చేశాడు. రాజు కంగారుగా ముంగిట్లోకి వచ్చాడు, వెనుకే సభంతా వచ్చింది. మావటివాడు ఏనుగును అచ్చం బొమ్మలో ఉన్నట్టే నిలబెట్టి ఉన్నాడు.

కొమ్మన సోమయాజులకు నమస్కరించి, కదలకుండా ఉన్నచోటి నుంచే ఏనుగు కాళ్ళను వేలితో చూపించమన్నాడు. ఆయన వేలు మూడింటిని చూపి ఆగింది.

"నాలుగోది ఏది స్వామీ?"

"చాటున ఉందిలే."

"మీకు కనబడుతోందా?"

"కనబడేదేమిటయ్యా! ఏనుగుకు నాలుగు కాళ్ళని ఎవరికి తెలియదు?"

"అంటే కంటికి అందని కాలును మీ తెలివిడితోనే ఈ ఏనుగుకు దయచేశారు. బొమ్మలో ఏనుగు ఏం పాపం చేసిందని దానికి ఆ కాలు ఎగ్గొట్టారు?"

సామంతులు గొల్లుమన్నారు. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగాడు. బొమ్మను సింహాసనం వెనుక వేలాడదీస్తామని చెప్పి నాగాంబికను పిలిపించాడు.

ఆమె బొమ్మతో వచ్చి నిలబడింది. ఏనుగు పొట్ట కింద నాలుగో కాలు కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. దాన్ని ఇరికించడానికి తక్కిన కాళ్ళను కూడా కాస్త జరిపి వేసింది. ఊపిరి పీలుస్తున్నట్టుండే ఆ ఏనుగు ఇప్పుడు కొయ్యబొమ్మలా ఉంది.

"ఇదెందుకు వేశావమ్మా?" అన్నాడు రాజు.

రోజూ ఎవరో ఒక పండితుడు చిత్రశాలకు వచ్చి అదే మాట చెప్పేవాడట. మొదట్లో వాదించిందట. ఇంత చదువుకున్నవారందరూ ఒకటే అంటుంటే, చివరికి తన కన్నే పొరపాటు పడిందని తోచిందట.

"ఇందాక కిటికీలోంచి ముంగిట్లోకి చూశాను ప్రభూ. నాకూ నాలుగు కాళ్ళూ కనబడ్డాయి."

కాలు బాగా కుదిరిందని సోమయాజులు మెచ్చుకున్నాడు. రాజు మళ్ళీ నవ్వి, ఆమెకూ ఒక పట్టుశాలువా ఇప్పించాడు.

సభ చెదిరాక కొమ్మన ఆమె దగ్గరకు వెళ్ళాడు. ఆ ఉపాయం తనకు మొదటిరోజే తట్టిందని చెప్పబోయి, చెప్పలేకపోయాడు. ఆ కాలు చెరిపేసి, బొమ్మను మునుపటిలా దిద్దమని మాత్రం బతిమాలాడు.

నాగాంబిక శాలువా సర్దుకుని, అతని వైపు జాలిగా చూసింది.

"చెరిపితే ఏనుగు కుంటిదైపోదా అయ్యా?"