నడుమ నడిచిన బాతులు

ఒక ఊళ్ళో పొద్దున్నే నడవడానికి ఒకటే దారి. అది కాలువ గట్టు. పొడుగ్గా ఉండేది గానీ వెడల్పు తక్కువ. ఇద్దరు ఎదురుపడితే ఎవరో ఒకరు పక్కకి ఒరగాలి.

గట్టుకి ఎగువ చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన దగ్గర ఒక నల్ల కుక్క ఉంది. దిగువ చివర పూతరేకులు చేసే ఆవిడ ఉండేది. ఆవిడ దగ్గర ఒక ఎర్ర కుక్క ఉంది. ఇద్దరూ ఒంటరివాళ్ళే. రోజంతా టిక్కుటిక్కుమనే గోడల మధ్య ఆయనకి ఊపిరున్న తోడు ఆ నల్ల కుక్క. పొయ్యి ముందు కూర్చుని రేకులు తీస్తూ ఆవిడ చెప్పే కబుర్లన్నీ వినేది ఆ ఎర్ర కుక్క.

రోజూ ఆయన ఎగువ నుంచి దిగువకి నడిచేవాడు. ఆవిడ దిగువ నుంచి ఎగువకి. కుక్కలకి తాడు కట్టే అలవాటు ఇద్దరికీ లేదు.

"మావాడు ఎవర్నీ ఏమీ అనడండి," అనేవాడు ఆయన, భయపడి ఆగిన వాళ్ళతో.

"మా పిల్ల చీమకి కూడా దారిస్తుంది," అనేది ఆవిడ.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ కుక్కలు పిల్లల చేతులు నాకేవి. కర్ర పట్టుకున్న ముసలివాళ్ళ పక్కన వాళ్ళ అడుగుకి అడుగు కలిపి నడిచేవి. ఒకదాన్నొకటి చూసినప్పుడే వాటికి ఏదో అయ్యేది.

మొదటిసారి గట్టు సరిగ్గా సగంలో ఎదురుపడ్డాయి. రెండిటి మెడలూ బిగుసుకున్నాయి. తోకలు నిటారుగా లేచాయి.

"ముందు మీ కుక్కని పిలవండి," అన్నాడాయన.

"ముందు మీరు పిలవండి," అందావిడ.

రెండో 'ముందు' నోట్లోంచి వచ్చేసరికే కుక్కలు ఒక ముద్దయిపోయాయి. ఆయన ఎర్ర కుక్క మీదికి గొడుగు ఎత్తాడు. అది నల్ల కుక్కకి తగిలింది. ఆవిడ నల్ల కుక్క మీదికి చెప్పు విసిరింది. అది ఆయనకి తగిలింది. సైకిలు షాపతను మంచి మనసుతో మధ్యలో చెయ్యి పెట్టి కరిపించుకున్నాడు. కరిచింది ఏ కుక్కో అతనికి తెలియలేదు. ఊరికి మాత్రం తెలుసు. సగం ఊరు నల్లదంది, సగం ఊరు ఎర్రదంది.

ఆ తర్వాత ఎగువ వాళ్ళు ఆయన వెనకా, దిగువ వాళ్ళు ఆవిడ వెనకా నడవడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, ఏం జరుగుతుందో చూద్దామని అనేవారు. చూసేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ పక్కకి ఒరగడం ఇద్దరికీ కష్టమైంది. ఇంకో రెండుసార్లు కొట్లాటలు జరిగాయి. నల్ల కుక్క చెవి కొస పోయింది. ఎర్ర కుక్క ముందుకాలు కుంటడం మొదలుపెట్టింది.

ఊరి ప్రెసిడెంటు గారు తాళ్ళు కట్టమన్నారు. కట్టారు. కానీ దూరంగా ఆవిడ కనబడగానే ఆయన తాడుని పిడికిలికి రెండు చుట్లు చుట్టేవాడు. ఆవిడా అంతే. తాడు బిగియగానే కుక్కలకి తెలిసిపోయేది, శత్రువు వస్తున్నాడని. ఒకరోజు నల్ల కుక్క లాగిన లాగుడికి ఆయన జారి నడుందాకా కాలువలో దిగబడ్డాడు. తాడు చేజారింది. మళ్ళీ కొట్లాట.

ప్రెసిడెంటు గారు ఇద్దర్నీ పిలిపించారు.

"పదిరోజులు చూస్తాను. ఈలోగా ఇంకోసారి కొట్టుకున్నాయంటే రెండిటినీ బండెక్కించి ఏరు దాటించేస్తాను. ఒకటి కాదు, రెండూ," అన్నారు.

ఆ రోజు ఆయన ఒక్క గడియారానికీ కీ ఇవ్వలేదు. ఆవిడ తీసిన రేకులన్నీ చిరిగిపోయాయి. ఎర్ర కుక్క వచ్చి ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించింది. "నువ్వెందుకే అలా చేస్తావు," అని ఆవిడ దాన్ని అడిగింది. అదే సమయానికి ఆయన కూడా నల్ల కుక్కని అదే అడుగుతున్నాడు.

ఆవిడకి ఎదురుపడకూడదని మర్నాడు ఆయన గంట ముందే బయల్దేరాడు. ఆయనకి ఎదురుపడకూడదని ఆవిడ కూడా గంట ముందే బయల్దేరింది. తెల్లారుతున్న వేళ, ఎప్పటి చోటే ఎదురుపడ్డారు.

ఆ వారమే కోతలైన చేలల్లో మేపుకోవడానికి ఒక ముసలామె నాలుగొందల బాతుల్ని తోలుకుని ఆ ఊరికి వచ్చింది. పొడుగాటి వెదురుగెడ పట్టుకుని ఆ సమయానికి గట్టు దాటుతోంది. రెండు కుక్కలూ తాళ్ళు విడిపించుకుని బాతుల నడిమధ్యన కలియబడ్డాయి. బాతులు కొన్ని కాలువలో పడ్డాయి, కొన్ని చేలో పడ్డాయి, కొన్ని ఎటూ పోలేక అరుస్తూ గుండ్రంగా తిరిగాయి. ఆయన అరిచాడు. ఆవిడ అరిచింది. అప్పుడే వచ్చిన వాళ్ళు కూడా అరిచారు.

"నోళ్ళు ముయ్యండి," అంది ముసలామె మెల్లగా. "మీరు అరుస్తుంటే మీరూ తమతో కలిసి కరుస్తున్నారనుకుంటాయి కుక్కలు."

అందరూ ఆగారు. కుక్కలు గుర్రుమనడం మాత్రం మిగిలింది.

"మెడ దగ్గర చెయ్యి పెట్టొద్దు. నువ్వు దాని వెనక కాళ్ళు రెండూ పట్టుకో నాయనా. నువ్వు దీనివి పట్టుకో తల్లీ. నేను ఊఁ అనగానే ఇద్దరూ వెనక్కి లాగండి."

"ముందు ఆవిణ్ణి లాగమనండి," అన్నాడాయన.

"ముందు ఆయన లాగితే నేను లాగుతాను," అందావిడ.

"ఒకరే లాగితే రెండోది వదలదు. ముందన్న మాట ఇక్కడ లేదు నాయనా. ఇద్దరూ ఒక్కసారే," అంది ముసలామె.

ఆయన వంగాడు. ఆవిడ వంగింది. అన్నాళ్ళలో మొదటిసారి వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు దగ్గర నుంచి చూసుకున్నారు. ఇద్దరి కళ్ళలోనూ ఒకటే భయం. ముసలామె ఊఁ అంది. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి లాగారు. సీసా మూత ఊడినట్టు కుక్కలు విడిపోయాయి.

ఇంతలో ఎవరో చెప్తే ప్రెసిడెంటు గారు వచ్చారు. వెనకే బండి కూడా వచ్చింది.

"కొట్టుకున్నాయటగా," అన్నారు.

"కొట్టుకున్నాయయ్యా," అంది ముసలామె. "అయితే వీళ్ళిద్దరూ కలిసి విడదీశారు. ఇదివరకెప్పుడైనా ఆ పని చేశారా?"

ప్రెసిడెంటు గారు ఆలోచించారు. ఎప్పుడూ చెయ్యలేదు.

"మీరన్న పదిరోజుల్లో ఇంకా తొమ్మిదున్నాయి. ఆ తొమ్మిదీ నాకివ్వండి. నా బాతుల్ని చెదరగొట్టారు, వీళ్ళు నాకు బాకీ."

ప్రెసిడెంటు గారు బండిని వెనక్కి పంపారు.

ముసలామె కుక్కల్ని ఇళ్ళకి పోనివ్వలేదు. "కోపంతో ఇంటికి తీసుకెళ్తే కోపం ఇంట్లోనే పడుకుంటుంది. ముందు నడిపించండి," అంది. బాతులన్నిటినీ గట్టు మీదికి ఎక్కించింది. ఆయన్ని కాలువ వైపు వాలులో నడవమంది, ఆవిణ్ణి చేల వైపు వాలులో. నాలుగొందల బాతులు నడిమధ్యన, గట్టు మీద. అందరూ ఒకే వైపుకి.

"తాడు బిగించొద్దు. బట్టలారేసే దండెంలాగా వేలాడాలి. ఒకరి వైపు ఒకరు చూసుకోవద్దు, ముందుకి చూడండి."

బాగున్న దారి బాతులకిచ్చి, ఇద్దరూ వాలుల్లో జారుతూ నడిచారు. నల్ల కుక్క ఒకసారి ఎర్ర కుక్క వైపు చూడబోయింది. మధ్యలో అన్ని తెల్లటి మెడలు ఊగుతుంటే కనబడలేదు. ఎర్ర కుక్క ఒకసారి గుర్రుమంది. ఒక బాతు తిరిగి దాన్ని చూసి తన మానాన తను నడిచింది. గుర్రుమన్నా ఏమీ జరగకపోయేసరికి ఎర్ర కుక్క కూడా నడిచింది.

రెండో రోజు ముసలామె మూడొందల బాతుల్నే గట్టెక్కించింది. మూడో రోజు రెండొందలు. నాలుగో రోజు ఆవిడ ముసలామెతో అంది, "ఆ నల్ల కుక్క చెవి మీద ఈగలు వాలుతున్నాయని ఆయనతో చెప్పమ్మా."

"నాకు బాతులతోనే సరిపోతోంది. మీరే చెప్పుకోండి," అంది ముసలామె.

ఆవిడ నాలుగడుగులు నడిచింది. తర్వాత బాతుల మీదుగా గట్టిగా చెప్పింది, "పసుపు పెట్టండి దానికి."

"పెడతానండి," అన్నాడాయన. ఇంకో ఇరవై అడుగులు నడిచాక, "మీ కుక్క పాదం?" అన్నాడు.

"మందు పూస్తే నాకేస్తోందండి."

"వేపనూనె కలిపి రాయండి. చేదుకి నాకదు."

అయిదో రోజుకి ఎర్ర కుక్క కుంటు తగ్గింది. ఆ రోజు మధ్యలో యాభై బాతులే. ఆయన వాలులో జారి కూలబడితే ఆవిడకి నవ్వొచ్చింది. ఆయన లేచి పంచె దులుపుకుంటుంటే ఆవిడ కూడా జారింది. ఈసారి ఇద్దరూ నవ్వారు. తాళ్ళు వేలాడుతూనే ఉన్నాయి. కుక్కలు ఆగి, తమ మనుషులకి ఏమైందోనని ఓపిగ్గా నిలబడ్డాయి.

వెనకొచ్చే జనానికి చిక్కొచ్చి పడింది. ఇద్దరూ ఒకే వైపుకి నడుస్తుంటే ఎవరి వెనక ఎవరు నడవాలో తెలియలేదు. ఎగువ వాళ్ళూ దిగువ వాళ్ళూ కలిసిపోయారు. సైకిలు షాపతను తన పక్కన నడిచేవాడు ఎవరి వైపువాడో అడుగుదామనుకుని, అప్పటికే అతనితో వానల గురించి మాట్లాడుతున్నానని గుర్తొచ్చి మానుకున్నాడు.

ఏడో రోజు పది బాతులు. ఎనిమిదో రోజు ఒకటే బాతు. అది నడిమధ్యన మెడ నిక్కించుకుని, తన మీద ఏదో పెద్ద పని పెట్టారన్నట్టు నడిచింది. ఊరంతా నవ్వుతూ దాని వెనక నడిచింది.

తొమ్మిదో రోజు మధ్యలో బాతు లేదు.

నల్ల కుక్క నేల వాసన చూస్తూ చుట్టు తిరిగి వచ్చింది. ఎర్ర కుక్క అటు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. ఒకదాని తోక దగ్గర ఒకటి వాసన చూసుకున్నాయి. ఆయన పిడికిలి ముడుచుకోబోయి ఆగింది. ఆవిడ ఊపిరి బిగపట్టబోయి వదిలేసింది. నల్ల కుక్క ఒళ్ళంతా ఒకసారి దులుపుకుని, ముందుకాళ్ళు చాపి, ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి తోక ఊపింది. ఎర్ర కుక్క ఎగిరి పక్కకి దూకింది. ఆ తర్వాత తాళ్ళు ఈడ్చుకుంటూ రెండూ పరుగే పరుగు. జనం కాళ్ళ మధ్య నుంచి, ప్రెసిడెంటు గారి చుట్టూ రెండుసార్లు. తాళ్ళు పంచెకి చుట్టుకుని ప్రెసిడెంటు గారు గడ్డిలో కూలబడ్డారు. లేవకుండా అక్కడే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు.

మధ్యాహ్నానికి ముసలామె బాతుల్ని పోగుచేసుకుని పై ఊరికి బయల్దేరింది.

"రేపు ఎలాగమ్మా?" అని అడిగారు ఇద్దరూ.

"రేపు బాతులుండవు," అంది ముసలామె. వెదురుగెడ ఊపుతూ బాతుల వెనక సాగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆయన ఆలోచించాడు. ఇద్దరూ ఒకే వైపుకి నడవాలంటే ఒకరు రెండో చివరికి వెళ్ళాలి. ఆవిణ్ణి రమ్మనడం ఎందుకు, తనే వెళ్తే పోలా అనుకున్నాడు. కుక్కని తీసుకుని ఊళ్ళో వీధుల గుండా దిగువకి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆవిడ తలుపుకి తాళం ఉంది. ఆవిడ కూడా అదే అనుకుని, చేల గట్ల వెంట ఎగువకి వెళ్ళింది. అక్కడ ఆయన తలుపుకి తాళం ఉంది.

ఇక చేసేదేముంది. ఆయన దిగువ నుంచి, ఆవిడ ఎగువ నుంచి కాలువ గట్టెక్కారు.

ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగా రావడం చూసి నడుస్తున్న జనం నిలబడిపోయారు. ఆయన చేతిలో తాడు వేలాడుతోంది. ఆవిడ చేతిలోనూ వేలాడుతోంది. ఇంకా పాతిక అడుగుల దూరం ఉండగానే ఆయన కాలువ వైపు వాలులోకి దిగాడు. అదే క్షణంలో ఆవిడ చేల వైపు వాలులోకి దిగింది. గట్టు మధ్య దారంతా ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలోకి రెండు కుక్కలూ అటొకటి ఇటొకటి ఎక్కి, తోకలూపుకుంటూ కలుసుకున్నాయి.

"మీ ఇంటికెళ్ళి వస్తున్నానండి," అన్నాడాయన కింద నుంచి.

"నేనూ మీ ఇంటికెళ్ళే వస్తున్నాను," అందావిడ.

ఇద్దరూ పైకెక్కారు. ఆయన ఎగువ వైపు చూశాడు. ఆవిడ దిగువ వైపు చూసింది.

"ఇప్పుడెటు వెళ్దాం?" అన్నాడు.

ఆవిడ జవాబు చెప్పేలోగా కుక్కలు వాళ్ళని లాక్కుపోయాయి. కాలువ మీద రెండు తాటిదూలాలు వేసి వదిలేసిన వంతెన ఉంది. దాని మీద ఒకరి వెనక ఒకరే నడవగలరు. ముందు నల్ల కుక్క, దాని వెనక ఎర్ర కుక్క, ఆ వెనక ఎవరి తాడు ఎవరి చేతిలో ఉందో తెలియకుండా ఇద్దరు మనుషులు దాటారు.

ఆవలి గట్టు మీద అప్పటిదాకా ఎవరూ నడవలేదు. అక్కడ దారి లేదు. మోకాలెత్తు గడ్డి, దాని మీద ఇంకా ఆరని మంచు. నలుగురూ అందులోకి నడిచారు.