పేర్లు పడ్డాక వచ్చే ముక్క

ఆదెమ్మగారి పశువుల పాకకు ఎదురుగా వరండా, వరండాలో గోడంత టీవీ. హాల్లో ఆడిన సినిమా నెల తిరక్కుండానే డిస్కుగా సంతకు వస్తే కొడుకు అద్దెకు తెచ్చి ఇస్తాడు. మధ్యాహ్నం అన్నం తిని ఆవిడ అది పెట్టుకుంటుంది, మొదటి పాట అయ్యేలోపే కునుకులోకి జారుకుంటుంది. ఆ తర్వాత సినిమా చూసేది పాకలో వాళ్లే.

వాళ్లలో పెద్దవాడు గౌరన్న, ముసలి ఎద్దు. నెమరేస్తూ చూస్తాడు, ఓ పట్టాన మాట్లాడడు. కోడిపుంజు మాత్రం ప్రతి ఫైటుకీ రెక్కలు కొట్టుకుంటుంది. ముళ్లకంచె అవతల గట్టు మీద కూర్చుని చూసేవాడు నక్క. కాపలా కుక్క వీరడు అన్నం క్యారియర్ వెంట పొలం వెళ్లి నాలుగింటికి గాని రాడు కాబట్టి నక్కకు ఆ గట్టు మీద దిగులు లేదు.

తీర్పులన్నీ నక్కవే. ఊరు తగలబడుతుంటే హీరో ఆ బిగుతు బట్టలు తొడుక్కోవడానికే పావుగంట తీసుకున్నాడని, ఆ లోపు నలుగురు బిందెలతో నీళ్లు మోసినా మంట ఆరిపోయేదని అన్నాడు. పిడుగు పడి మన గేదె చచ్చిపోతే, అదే పిడుగు పడి వాడికి కండలెలా వచ్చాయని నిలదీశాడు. విలన్లంటే మరీ కోపం, అది గౌరన్న దగ్గర వెళ్లబోసుకున్నాడు.

“కత్తి పీక మీద పెట్టి ఉపన్యాసం ఏమిటి మావా? కోడిని పట్టుకుని నేను ఉపన్యాసం మొదలెడితే నా కడుపు నిండుతుందా?”

పుంజు నవ్వింది గాని రెండడుగులు వెనక్కి జరిగింది.

సినిమా చివర పేర్లు పడగానే లేచిపోయేవాళ్లంటే నక్కకు ఇంకా చులకన. ఇలాంటి సినిమాల్లో అసలు గుట్టంతా పేర్ల తర్వాత వచ్చే చిన్న ముక్కలో దాస్తారని, అది చూడనివాడు సినిమా చూసినట్టే కాదని వారం వారం చెప్పేవాడు.

ఆ రోజు కొత్త డిస్కులో హీరో మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని పదంతస్తుల మేడ మీంచి దూకాడు. పుంజుకు ఒళ్లంతా ఈకలు నిక్కబొడుచుకున్నాయి. దండెం మీద ఆదెమ్మగారి ఎర్ర తువ్వాలు లాగి, దాని చిరుగులో తల దూర్చి, గడ్డివాము ఎక్కేసింది.

“నాయనా, నీకు పుట్టుకతోనే రెక్కలున్నాయి. వాటినే ఆ గుడ్డతో మూసేసుకుంటున్నావు,” అన్నాడు గౌరన్న.

గట్టు మీంచి నక్క అందుకున్నాడు. “దూకరా అబ్బాయ్. ఆ హీరోకి రెక్కలు కూడా లేవు, నీకు రెండూ ఉన్నాయి. కంచె దాటి ఇటు వాలావంటే ఈ ఊరి మొదటి హీరోవి నువ్వే.”

పుంజు దూకింది. తువ్వాలు రెక్కలకు చుట్టుకుంది. కంచె దాటింది గాని ముళ్ల పక్కనే కూలబడింది, గుడ్డ వాటికి తగులుకుంది. లాగిన కొద్దీ మెడకు బిగుస్తోంది. నక్క తీరిగ్గా గట్టు దిగి వచ్చాడు.

గౌరన్న పలుపు గుంజాడు. గుంజ కదల్లేదు. పాక నీడ వంక చూశాడు. అది కుడితి తొట్టిని తాకే వేళకు వీరడు వస్తాడు. ఇంకా జానెడు దూరం ఉంది. ఇప్పుడు తనకు మిగిలింది నోరొక్కటే.

సరిగ్గా అప్పుడే టీవీలో పేర్లు మొదలయ్యాయి.

“అల్లుడూ,” అన్నాడు గౌరన్న నెమరు ఆపకుండా, “పుంజు ముళ్లలోంచి ఎక్కడికి పోతుంది? ఆ ముక్క పోతే మాత్రం మళ్లీ రాదు. రేపు డిస్కు వెనక్కి ఇచ్చేస్తారట.”

నక్క నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు. తువ్వాలు అంచు మీద కాలేసి తొక్కిపట్టి, టీవీ వైపు తిరిగాడు.

“నిజమే మావా. తింటూ చూస్తే చూపు నిలవదు.”

పేర్లు ఎంతకీ తెగలేదు. కంప్యూటర్లో మంటలు గీసినవాళ్లు మూడొందలమంది, భోజనాలు పెట్టినవాళ్లు నలభైమంది. ఒక్క మనిషిని ఎగరెయ్యడానికి ఇంతమందా అని నక్క విసుక్కున్నాడు గాని కళ్లు తిప్పలేదు. పుంజు కళ్లు మూసుకుంది. నీడ తొట్టిని తాకింది. పొలం గట్టున ఖాళీ క్యారియర్ గలగలలాడింది.

“అదేం చప్పుడు మావా?”

“సినిమాలోదే అల్లుడూ. ముక్క మొదలవుతోంది.”

తెర నల్లబడింది. బూడిదలోంచి విలన్ చెయ్యి మెల్లగా పైకి లేచింది.

“నేను చెప్పలా, వాడు చావలేదని! రెండో భాగం ఉంది మావా,” అని నక్క ఎగిరి గంతేశాడు. ఆ గంతుకు తువ్వాలు మీంచి కాలు లేచింది, పుంజు చిరుగులోంచి తల లాక్కుంది, వెనక నుంచి వీరడు తోక అందుకున్నాడు.

సగం తోక వీరడి నోట్లో వదిలి, నక్క చెరుకు తోటలో పడి పరిగెత్తాడు. మళ్లీ ఆ గట్టు మీద కనబడలేదు. రెండో భాగం డిస్కు వచ్చినప్పుడు పుంజు మెడలో ఏ గుడ్డా లేకుండా, గౌరన్న వీపు మీద కూర్చుని పేర్ల చివరిదాకా చూసింది.

ఊరందరి సినిమాల్లో తప్పులెంచేవాడు, తన కథ ఎందాకా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.