పేరు చెప్పకుండా వేసిన లెక్క

ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పే అలవాటు పద్మలోచనిగారికి లేదు. కీబోర్డును దగ్గరికి లాక్కునేవారు. ఆ రోజు శిష్యుడు మస్తాన్ వలీ అడిగిన ప్రశ్నలో అతని పరువే ఉంది.

వాతావరణ పరిశోధన నౌకలో ఒక్కరికే చోటు. పదిరోజుల వర్షాన్ని దగ్గరగా ఊహించినవారు ఎక్కాలి. ఆరుగురు శిష్యుల అంచనాలు వారి వారి పేర్లతో ఆరు ఫైళ్లుగా ఒకే ఫోల్డరులో ఉన్నాయి. తప్పులు లెక్కగట్టే ప్రోగ్రాము రాసినవాడు వలీ. అన్నింటికంటే తక్కువ తప్పు, పన్నెండు, వలీదేనని తేలింది. పదిహేనుతో రెండో స్థానంలో నిలిచిన అలేఖ్య ఊరుకోలేదు.

“నీ ముఖం చూసి మార్కులేసిందయ్యా నీ ప్రోగ్రాము!”

“దానికి పేర్లే చెప్పలేదు, ఫోల్డరులో ఉన్నవన్నీ అని అర్థమిచ్చే స్టార్ గుర్తు ఒక్కటే కొట్టాను. తెలియని పేరు మీద పక్షపాతం ఎలా ఉంటుంది మేడం?” అని గురువును అడిగాడు వలీ.

ఇచ్చినదాన్ని తిరిగి చూపడం తప్ప మరేమీ చేయని ‘ఎకో’ అనే ఆజ్ఞ రాసి, పక్కన స్టార్ కొట్టారామె. తెరమీద స్టార్ లేదు. ఆరు పేర్లూ వరసగా నిలిచాయి. ఆజ్ఞను ముందుగా అందుకునే షెల్, ప్రోగ్రాము కళ్లు తెరవకముందే స్టార్ స్థానంలో పేర్లు నింపి ఇస్తుందని వలీకి అప్పుడు తెలిసింది.

“అయితే పేర్లు దాచే ఇస్తాను!” అంటూ, ఫైలులో ఉన్నదాన్ని మాత్రమే లోపలికి పంపే బాణం గుర్తు పెట్టి, ఆత్రంగా మళ్లీ స్టార్ కొట్టాడు. ఆరింటిలో ఏది పంపాలో తేలక షెల్ మొరాయించింది.

“ఒక్కొక్కటే, బాబూ” అన్నారామె.

ఒక్కొక్క ఫైలునే బాణం ముందుంచాడు. పేరు షెల్ దగ్గరే ఆగిపోయింది. ప్రోగ్రాముకు అంకెలే చేరాయి. ఐదింటికీ మునుపటి ఫలితాలే వచ్చాయి. గదిలో ఉన్నవారంతా తెరచుట్టూ మూగారు. ఆరోది తనది. మీట నొక్కాడు.

తెర చూసి, లేచి నిలబడ్డాడు.

“పంతొమ్మిది” అని అందరికీ వినబడేలా చదివాడు. ప్రోగ్రామును తన ఫైలుతో పరీక్షించుకున్న రోజుల్లో, మొదటి రోజు కొలత ఇంకా అందక, తన ఫైలు పేరు కనబడితే ఆ రోజు తప్పును వదిలేయమని అందులో ఒక వరుస రాశాడు. దాన్ని తీసేయడం మరిచిపోయాడు. ఆ మాటా దాచకుండా చెప్పాడు.

“నౌక నీది, అలేఖ్యా.” తర్వాత గురువువైపు తిరిగాడు. “ఇకమీదట నా లెక్కను ఎవరు నమ్ముతారు మేడం?”

“ఇప్పుడు పంతొమ్మిదని చదివిందెవరు?” అన్నారు పద్మలోచనిగారు.