నెమ్మదమ్మ కోనలో తీగ పట్టే మొక్కు

నల్లమల అడవిలో, చివరి బస్సు ఆగే చోటికి రెండు క్రోసుల దూరాన నెమ్మదమ్మ కోన ఉన్నది. దారి పొడుగునా నల్లమద్ది, ఏగిస, తునికి చెట్లు. బండి పోదు కనుక భక్తులు నడిచే రావాలి. తొందరపడి నడిచినందువల్ల ప్రయోజనం లేదు. ఎంత పెందలాడే వచ్చినవారికైనా ఆనాడు దర్శనం దొరకదు. పదకొండు రోజులు కోనలో ఊరకే ఉండి, పన్నెండవనాడు గాని అమ్మను చూడరాదు. ఈ సంగతి తెలియక, గడియారం చూసుకుంటూ వచ్చి పూజారితో వాదం పెట్టుకునేవారు ఏటా కొందరుంటారు. తరువాత అందరికంటె ఎక్కువ రోజులు ఉండిపోయేది కూడా వారే.

అమ్మ స్వయంభువు. కొండచరియ నడిమి గుహలో కూర్చున్న రాతిరూపం. చేత ఆయుధం లేదు, వరదహస్తమూ లేదు. పనులన్నీ తెమిలిన ఇల్లాలు అరుగు మీద కూర్చున్నట్టు, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఉంటుంది. ఇక్కడికి సంతానం కోరి వచ్చేవారు, వ్యాజ్యం గెలవాలని వచ్చేవారు తక్కువ. నిద్ర పట్టనివారు, చీటికిమాటికి ఉలికిపడేవారు, నలుగురిలో ఉన్నా దిగులు వదలనివారు ఎక్కువగా వస్తారు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, కోనకు పేరూ లేదు. వాగు ఒడ్డున చెంచుల పెంట, అంటే వారి చిన్న పల్లె, ఒక్కటి ఉండేది. అడవికి తూర్పున కంచుపాడు అనే ఊళ్ళో నాగలింగాచారి అనే కంచరి ఉండేవాడు. గంటలు పోయడంలో ఆయనకు ఆయనే సాటి. ఆయన పోసిన గంట మోగితే పొరుగూరి ఎద్దు కూడా మేత మాని తల ఎత్తుతుందని చెప్పుకునేవారు. తమ్ముడు కాళాచారి ఆయనకు కుడిభుజం. కొలిమి ఒకటే, దాని మీద బతికే సంసారాలు రెండు.

ఒక ఏడు ఉత్సవం నాలుగు రోజుల్లోకి వచ్చినా దేవుడి గంట తయారుకాలేదు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట నిజమే గాని, ఆలస్యం అమృతం విషమని చెప్పింది కూడా ఆ పెద్దలే. పనివాడు తనకు అవసరమైన సామెతనే తలుచుకుంటాడు. కంచు కరిగించే మట్టి పాత్రను మూస అంటారు. నాగలింగాచారి పట్టకారుతో మూసను ఎత్తి అచ్చు వైపు తిప్పుతుండగా కరిగిన కంచు ఒక్కసారిగా కిందికి ఒలికి, ఎదురుగా నిలుచున్న కాళాచారి పాదం మీద పడింది. ప్రాణం దక్కింది గాని కాలు వంకరపోయింది. తన పట్టు సడలినందువల్లనే తమ్ముడు కుంటివాడైనాడని అన్న నమ్మాడు. కాదని ఎవరూ చెప్పలేదు.

ఆనాటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. పెనం మీద నీళ్ళు చుయ్యిమంటే గోడకు అతుక్కుపోయేవాడు. పట్టకారు ముట్టుకుంటే చేతులు వణికేవి. పోసిన అచ్చును చల్లారేదాకా ఉండనివ్వలేక, లోపల ఏమైందో చూడాలని వేడివేడిగా పగలగొట్టేవాడు. వేడి మీద పగలగొట్టిన గంట బీటలిస్తుందని కంచరి ఇంట పాకే పిల్లకు కూడా తెలుసు. అట్లా మూడు గంటలు పాడుచేశాడు. తాయెత్తులు కట్టించారు, పథ్యాలు పెట్టారు, భూతవైద్యుణ్ణి పిలిపించారు. మనసు కోతి అంటారు. ఆయన మనసు కల్లు తాగి తేలు కుట్టించుకున్న కోతి అయింది. ఏడాది తిరిగేసరికి కొలిమిలో నిప్పు ఆరిపోయింది. ఆయన చేతులు కుదుటపడకపోతే రెండిళ్ళ పొయ్యిలూ ఆరిపోతాయి.

ఆయన భార్య ఈశ్వరమ్మ మాట తక్కువ, ఆలోచన ఎక్కువ గల మనిషి. ఒకనాడు పొద్దున్నే, "మైనం అయిపోయింది. చెంచులు ఈ ఏడు ఇటు రాలేదు. మీరే వెళ్ళి తీసుకురండి, వారంలో వచ్చేయవచ్చు" అన్నది. గంట పోయాలంటే ముందు మైనంతో దాని రూపు చేసుకోవాలి, మైనం కావాలంటే అడవి తేనె కావాలి. అటక మీద పాత బానలో రెండు మైనపు ముద్దలు ఉన్న మాట ఆమె చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

పెంటలో ఆయనకు ఎదురైనది ఈదమ్మ అనే పెద్దామె. ఆమె భర్త మంతన్న కొండచరియలకు పట్టే తేనె తీయడంలో ఆరితేరినవాడు. నాగలింగాచారి మైనం మాట ఎత్తగానే ఈదమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంకా తేనెపట్టు నిండలేదయ్యా. పువ్వు రాలాల, తేనె పండాల. అందాక ఉండు."

"ఎన్నాళ్ళు?" అన్నాడు ఆయన.

"అది ఈగలకే తెలుసు. వాగుకాడ కూసో. అవి నీళ్ళకొస్తాయి. తాగి ఎటు పోతాయో చూసి చెప్పు. అటే పట్టు ఉంటది."

అట్లా ఆయన వాగు ఒడ్డున కూర్చున్నాడు. మొదటినాడు అడవి అంతా కొలిమిలాగే వినిపించింది. ఎండుటాకుల మీద తొండ పరుగెత్తినా కంచు చిమ్మిందనుకుని కాళ్ళు ముడుచుకున్నాడు. కూర్చుంటే కూర్చోలేకపోయాడు, నిలుచుంటే నిలవలేకపోయాడు. సాయంత్రం ఈదమ్మ వచ్చి ఈగలు ఎటు పోయాయని అడిగితే చూడలేదన్నాడు. "అయితే రేపు చూడు" అన్నది ఆమె. రెండవనాడూ అంతే జరిగింది. మూడవనాడు ఆయనకు కోపం వచ్చి, తాను మైనానికి వచ్చాడు గాని ఈగలు కాయడానికి రాలేదన్నాడు. ఈదమ్మ నవ్వి వేయించిన ఇప్పపూలు దోసిట్లో పోసింది. "తిను. పస్తున్నోడి కంటికి ఈగ ఆనదు."

నాలుగవనాడు ఆయన ఈగను చూశాడు. అది నీళ్ళలో వాలదు, తడి ఇసుక మీద వాలుతుంది. తాగినంతసేపూ దాని పొట్ట కదులుతూ ఉంటుంది. లేచేటప్పుడు ఒక చుట్టు తిరిగి, ఆ తరువాత తిన్నగా పోతుంది. ఇంత చిన్న ప్రాణికి ఇంత నిదానం ఎక్కడిదని ఆయనకు ఆశ్చర్యం కలిగింది. మరునాడు ఈగలతోపాటు మిగతావీ కనిపించసాగాయి. మద్దిమాను బెరడు మీద పాకే నీడ, వెదురు పొదలో గాలి చేసే చప్పుడు, వాగు ఒక రాయి దగ్గర ఒకలాగా మరో రాయి దగ్గర మరోలాగా పలకడం. గంటల స్వరం పట్టగల చెవి ఆయనది. ఏడాదిగా ఆ చెవికి పని లేకుండా పోయింది. ఆ పూట వాగులో నాలుగు స్వరాలు వేరు చేసి, అయిదవదాని కోసం వెతుకుతుండగా పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు, తెల్లవారినప్పటి నుంచి తమ్ముడి కాలు ఒక్కసారి కూడా తలపుకు రాలేదని.

సంతోషించవలసిన మనిషి భయపడ్డాడు. ఏదో ద్రోహం చేసినట్టు తోచింది. ఈదమ్మ దగ్గరికి పోయి, జరిగినదంతా మొదటిసారి నోరు విప్పి చెప్పి, "మరిచిపోవడం తప్పా అక్కా?" అని అడిగాడు.

ఈదమ్మ గడ్డలు తవ్వే పని ఆపలేదు. "పుండు మీద పొద్దస్తమానం చెయ్యి పెట్టుకుంటే మానుతదా? కాసేపు గాలి తగలనీ తమ్ముడా" అన్నది.

చెట్ల నడుమ కొన్నాళ్ళు గడిపితే చెదిరిన మనసు కుదుటపడుతుందని నేడు వైద్యులు చెబుతున్నారట. సంతోషం. ఆ సంగతి ఈదమ్మకు అప్పుడే తెలుసు. ఆమెను అడిగినవారు లేరు. అడవి నాగలింగాచారికి ఉపదేశమేమీ చేయలేదు, మందూ పెట్టలేదు. నువ్వెవరివి, ఏం చేశావు అని మాత్రం అడగలేదు. పగలు వాగు, సాయంత్రం పెంటలో గంజి, పొద్దుగూకితే నిద్ర. ఆ నిద్ర ఎప్పుడు తిరిగివచ్చిందో ఆయనకే తెలియదు.

పదకొండవనాటి మధ్యాహ్నం మద్ది నీడలో ఆయనకు కునుకు పట్టింది. కలలో ఒక ముత్తైదువ వాగులో పాదాలు ముంచి కూర్చుని ఉన్నది. ఆయన దగ్గరకు పోయి తన రెండు చేతులూ చాపి చూపాడు. "బాగానే ఉన్నాయి నాయనా" అన్నది ఆమె. "వీటికి పట్టుకోవడమే తెలుసు. ఇప్పుడు ఊరకే ఉండడం కూడా వచ్చింది. రేపు ఎవరైనా అడిగితే కాదనకు." లేచి చూసేసరికి పొద్దు వాలింది. ఆ సాయంత్రం ఈగలు అవతలి చరియ వైపు పోతున్నాయని ఆయన ఈదమ్మకు చెప్పాడు.

మరునాడు అందరూ చరియ పైకి చేరారు. మంతన్న తీగలతో పేనిన మోకును నడుముకు బిగించుకున్నాడు. ఆ మోకునే వారు తీగ అంటారు. దానిని మద్దిమానుకు ఒక చుట్టు చుట్టి, పైన ఒకరు కొస పట్టుకుని కొంచెం కొంచెం వదలాలి. కొస ఎవరు పట్టాలన్న విషయంలో చెంచులకు గట్టి కట్టుబాటు ఉన్నది. దిగేవాడి భార్య అన్నదమ్ములే పట్టాలి. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరేవాడు గనుక బావమరిది తీగ వదలడని వారి నమ్మకం. ఆనాడు ఈదమ్మ తమ్ముడు మరో పెంటకు పెళ్ళికి పోయి ఉన్నాడు. మంతన్న చుట్టూ చూసి, చివరకు కంచరి ముందు నిలబడ్డాడు.

"దాన్ని అక్కా అంటివి కదా. అయితే నువ్వు నాకు బామ్మర్దివే. పట్టు."

నాగలింగాచారి రెండడుగులు వెనక్కి వేశాడు. తన చేతులు మంచివి కావని, మనిషి ప్రాణం వాటిలో పెట్టవద్దని వేడుకున్నాడు. మంతన్న తీగ కొస ఆయన చేతికిచ్చి, నవ్వుతూ చరియ అంచు దిగాడు. కలలో విన్న మాట తలుచుకుని ఆయన పట్టు బిగించాడు. కింద నుంచి పొగ లేచింది, ఈగల రొద లేచింది. "నెమ్మది బామ్మర్దీ, నెమ్మది" అని మంతన్న గొంతు మాటిమాటికీ వినిపించింది. ఆ గొంతు చెప్పినట్టే ఆయన వదిలాడు, ఆపాడు, మళ్ళీ వదిలాడు. మంతన్న పైకి వచ్చి తేనెగంప దించిన తరువాత గాని తన చేతులు వణకలేదని ఆయనకు తెలియలేదు. తెలిసిన తరువాత మద్దిమానుకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాడు.

మంతన్న మరొక మాట చెప్పాడు. పట్టు కింద గుహలో ఒక అమ్మ కూర్చుని ఉన్నది, నెత్తి మీద నీటి చుక్కలు పడుతున్నాయి అన్నాడు. ఏమని పిలిచావని ఈదమ్మ అడిగింది. "నేనేం పిలవలా. నెమ్మది నెమ్మది అని అరుస్తా ఉన్నా, ఆమె వింటా కూసుంది" అన్నాడు. ఆ తల్లి చెవిన పడిన తొలి మాట అదే గనుక నెమ్మదమ్మ అని పిలుచుకున్నారు.

వారంలో వస్తానన్న అన్న రాకపోయేసరికి కాళాచారి వెతుక్కుంటూ బయలుదేరాడు. అడవి అంచుదాకా బండిలో, అక్కడి నుంచి చేతికర్ర ఊతంతో వచ్చి పద్నాలుగవనాటికి పెంట చేరాడు. అన్న ముఖం తేటపడి ఉండడం చూశాడు. జరిగినదంతా విని, తానూ అమ్మను చూస్తానన్నాడు. చూడాలంటే తీగ మీద దిగడం తప్ప దారి లేదు. తీగ తాను పట్టుకుంటానని మంతన్న అన్నాడు గాని కాళాచారి ఒప్పుకోలేదు.

"అన్నే పట్టాలి" అన్నాడు.

"అన్నదమ్ములు పట్టగూడదు" అన్నాడు మంతన్న. "దిగేవాడికీ పట్టేవాడికీ నడుమ అనుమానం ఉండగూడదు. అందుకే ఆ కట్టు."

కాళాచారి చేతికర్ర పక్కన పెట్టి అన్న ముందు కూర్చున్నాడు. "అన్నా, నాకు నీ మీద అనుమానం లేదు. నీకే నా మీద ఉండాలి. ఆ రోజు నీ పట్టు సడలలేదు. మూసకు బీట ఉంది. నేను పొద్దున్నే చూశాను. కొత్తది చేసి ఎండబెట్టాలంటే ఉత్సవం దాటిపోతుందని, ఇంకొక్కసారి ఆగుతుందిలే అని చెప్పలేదు. తరువాత చెబుదామంటే నోరు రాలేదు. నువ్వు నిద్రలేక తిరుగుతుంటే చూస్తూ పడుకున్నాను. ఇప్పుడు తెలిసింది కదా. పట్టినా సరే, పట్టకపోయినా సరే."

నాగలింగాచారికి కోపం వచ్చింది. రాలేదని చెప్పడం అబద్ధం. ఏడాది పాటు తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. పూర్వమైతే అప్పుడే ఏదో ఒకటి పగలగొట్టి ఉండేవాడు. ఇప్పుడు ఆయన కదలకుండా కూర్చున్నాడు. కింద వాగు పలుకుతూనే ఉన్నది. వేడి చల్లారేదాకా అచ్చును ముట్టుకోకూడదని మళ్ళీ నేర్చుకున్న మనిషి గనుక, కోపం చల్లారేదాకా ఆగాడు. ఎంతసేపు పట్టిందో ఎవరూ లెక్క చూడలేదు. ఆ తరువాత లేచి, తమ్ముడి నడుముకు తీగ తానే బిగించి, కొస చేతిలోకి తీసుకున్నాడు.

"ముందు మంచి కాలు ఆ రాతి మీద పెట్టు" అన్నాడు.

కాళాచారి దిగి, అమ్మను చూసి, క్షేమంగా పైకి వచ్చాడు. అన్నదమ్ములు మైనం మోసుకుని ఇంటికి చేరారు. కొలిమి వెలిగింది. ఆ మైనంతో పోసిన గంట ఏ ఊరి గుళ్ళో ఉన్నదన్న విషయం మీద ఇప్పటికీ మూడు ఊళ్ళు తగాదా పడుతుంటాయి.

నేటికీ ఈదమ్మ సంతతివారే అమ్మకు పూజారులు. మెట్లు కట్టిస్తామని దాతలు రెండుసార్లు వచ్చారు గాని వారు వద్దన్నారు. పదకొండు రోజులూ భక్తులకు చెప్పే పని ఒక్కటే: వాగు ఒడ్డున కూర్చుని ఈగలు ఎటు పోతున్నాయో చూడడం. పన్నెండవనాడు తీగ మొక్కు. దిగేవారే తమ తీగ ఎవరు పట్టాలో ఎంచుకోవాలి. అత్తాకోడళ్ళు వస్తారు, విడిపోయిన స్నేహితులు వస్తారు, ఇరవై ఏళ్ళుగా మాటలు లేని అన్నదమ్ములు వస్తారు. దిగేవారు తాము దాచిన మాటను పట్టేవారితో చెప్పి తీరాలి. విన్నవారు వాగు వైపు తిరిగి, తమకు కావలసినంతసేపు కూర్చోవచ్చు. పూజారి తొందరపెట్టడు. ఒకసారి ఒకావిడ పొద్దు తిరిగేదాకా కూర్చున్నదట. ఆమె చెల్లెలు తీగ కట్టుకుని, అంచున నిలబడే ఉన్నదట.

కూర్చున్నవారు లేచి కొస చేతిలోకి తీసుకున్న తరువాత అనవలసిన మంత్రం ఒక్కటే. సంస్కృతం కాదు, నేర్చుకోనక్కరలేదు. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎవరికి వారే అంటారు.

"ముందు మంచి కాలు ఆ రాతి మీద పెట్టు."