పిరికి గట్టు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, జింకలు బంతాట ఆడే కాలం మాట.

ఒక అడవి. వేసవి వచ్చిందంటే ఆ అడవిలో మిగిలేది ఒక్కటే మడుగు. దాని నీళ్లు జింకలకు చాలితే మనుబోతులకు చాలవు, మనుబోతులకు చాలితే జింకలకు చాలవు. కొమ్ములతో కుమ్ముకుని చావడం ఎందుకని రెండు మందల పెద్దలూ ఒక కట్టడి చేసుకున్నారు. ఏటా వేసవి మొదట్లో పిల్లలు బంతాట ఆడాలి. గడ్డి బంతిని కాళ్లతో తన్నుకుంటూ పోయి, అవతలివాళ్ల వైపున్న రెండు చెట్టు మోడుల మధ్యనుంచి ఎవరు ముందు దాటిస్తే, వానలు పడేదాకా మడుగు వాళ్లది. ఓడినవాళ్లు ఎండిన ఏరు వెంట నీళ్లు వెతుక్కుంటూ పోవాలి. అలా పోయినవాళ్లలో ముసలివాళ్లూ, పాలుతాగే కూనలూ తిరిగొచ్చేవారు కారు.

ఆ ఏడు జింక పిల్లలకు పరుగు నేర్పే పని చారకొమ్ము అనే మగజింకకు అప్పగించారు. మంచివాడే, కాదనను. కానీ వట్టి మూర్ఖుడు! ఇసుక దిబ్బ మీదికి ఒక్క ఊపున ఉరకాలి, దిగాలి, ఆయాసం తీరకుండానే మళ్లీ ఉరకాలి. ఎవరైనా కాలు నొప్పి అన్నారో, పక్కనున్న మట్టి గట్టు మీద నిలబెట్టేవాడు. దాని పేరు పిరికి గట్టు. మిగతా పిల్లలంతా వచ్చి "పిరికి! పిరికి!" అని వెక్కిరించి పోవాలి. ఇదీ ఆయనగారి చదువు!

మొదట్లోనే చుక్కి అనే ఆడకూన కుంటుతూ వచ్చింది.

"గురువుగారూ, గిట్ట పైన నొప్పిగా ఉంది. తగ్గేదాకా ఆగుతాను" అంది.

"ఆగు, ఆగు. గట్టు మీద ఆగు!" అన్నాడు చారకొమ్ము.

పాపం, చుక్కి సిగ్గుతో చచ్చిపోయింది. అయినా నొప్పి తగ్గేదాకా గట్టు దిగలేదు.

చారకొమ్ముకు ఒక్కగానొక్క కొడుకు, రివ్వడు. మందలో వాడంత ఉరికేవాడు లేడు. ఒకనాడు దిబ్బ దిగుతూ వాడు తూలాడు.

"నొప్పా?" అన్నాడు తండ్రి.

"లేదు నాన్నా."

కొన్నాళ్లకు వాడి ముందుకాలు వాచింది. వాపు కనబడకుండా బురద పూసుకొచ్చాడు.

"నొప్పా?"

"లేదు నాన్నా, బురదలో ఆడాను."

చుక్కికి మాత్రం అనుమానం వచ్చింది. "ఒరేయ్, చెప్పెయ్యరా. వెక్కిరిస్తారు, అంతేగా!" అంది.

"నీకేం, నువ్వు ఆయన కూతురివి కాదుగా" అన్నాడు రివ్వడు.

ఆట రోజు రానే వచ్చింది. "నొప్పా?" అని అడిగాడు తండ్రి, గర్వంగా చూస్తూ.

"లేదు నాన్నా" అన్నాడు కొడుకు.

బంతి రివ్వడికి అందింది. వాడు ఉరికాడు చూడండీ, మనుబోతు పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. మోడుల దగ్గర ఒక్కసారి పక్కకు తిరగబోయాడు. ఫెళ్లుమని ఎముక విరిగింది. మంద మందంతా ఆ చప్పుడు విన్నది.

మనుబోతులు బంతి లాక్కుపోయారు. వెంటపడిన జింక పిల్లలు ఒక్కొక్కరే చతికిలపడ్డారు. అందరివీ దాచుకున్న నొప్పులే కదా! బాగున్న కాళ్లు చుక్కివి మాత్రమే. పిరికిదని వెనకాల నిలబెట్టిన ఆ పిల్లే పరుగున వచ్చి, బంతిని అడ్డుకుని, అటు చివరిదాకా తన్నుకుపోయి మోడులు దాటించింది.

మడుగు జింకలదయింది. మంద నీళ్లకు ఎగబడింది. రివ్వడు మాత్రం లేవలేదు. తండ్రి వాడి పక్కన కూలబడ్డాడు.

"ఎప్పటినుంచిరా ఈ నొప్పి?"

"తూలిన రోజు నుంచి నాన్నా."

"అడిగానుగదరా! మూడుసార్లు అడిగానుగదరా నా తండ్రీ! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే గట్టు ఎక్కించేవాడివి కదా నాన్నా."

కాలు విరిగిన జింక అడవిలో ఎన్నాళ్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దు వాలగానే తోడేళ్లు వచ్చాయి. "నువ్వు పారిపో నాన్నా" అని కొడుకు ఎంత బతిమాలినా తండ్రి కదల్లేదు.

నొప్పి చెప్పుకున్న బిడ్డను వెక్కిరించేవాడికి, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నిజం దొరకదు.